తలుపు కొట్టు

భాద్రపదం, బహుళ చవితి

మంచినీళ్ళ పడవ ఇవాళ కూడా ఆలస్యం. బిందెలు వరసలో పెట్టి, వాటి పక్కనే కూర్చుని వీడియోకి చివరి కత్తిరింపులు చేశాను. మధ్యాహ్నానికి పాట బయటికి వెళ్ళిపోయింది.

పాట పేరు ‘తలుపు కొట్టు’. రాసిందీ పాడిందీ మా పిన్ని కూతురు నూకరత్నం. బీట్ కట్టింది గంగులు. వాడిది డప్పు వాయించే కుటుంబం. ఆ దరువునే ఇప్పుడు మిషన్‌లో వేసి సాగదీస్తాడు, విరుస్తాడు. వీడియో తీసింది నేను, దయామణిని. ముగ్గురం మంచెలపేటలోనే పుట్టాం. అంటే నేల మీద పుట్టలేదు. సముద్రం ఊరిని మింగినప్పుడు మా తాతలు గట్టు మీదికి పోలేదు. ఇళ్ళున్న చోటనే ఇనప స్తంభాలు దింపి, వాటి మీద మంచెలు కట్టుకుని, మంచెకీ మంచెకీ మధ్య వంతెనలు వేసుకున్నారు. పాత ఊరు ఇప్పటికీ మా కాళ్ళ కిందే ఉంది. పాట దాని గురించే.

*నీ కింద నీళ్ళు, నీళ్ళ కింద వీధి*
*వీధి చివర మా తాత వదిలేసిన వాకిలి*
*మెట్టు మీద నాచు, మేకు మీద తుప్పు*
*తలుపేసే ఉంది, తీసేవాళ్ళు లేరు*
*ఒకటి, వింటన్నారా? రెండు, ఉన్నారా?*
*మూడు, మేమండీ! కొట్టు!*

‘కొట్టు’ అన్న చోట మడమతో మంచె మీద ఒక్క దెబ్బ. ఆట అంతే.

వీడియో తీసిన రోజు ఆ దెబ్బ కుర్రాళ్ళ చేత కొట్టించాలని ఎండు మంచె మీదికి కెమెరా తీసుకెళ్ళాను. అక్కడ చేపలు ఎండబెట్టే ఎస్తేరత్త చేతులు కట్టుకుని కాసేపు చూసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బక్కపలచగా ఉంటుంది. “అలాక్కాదర్రా,” అంది. “ఎవరింటి తలుపైనా అంత నాజూగ్గా కొడతారేంటి? లోపలోళ్ళకి ఇనపడొద్దూ?” చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మూడు లెక్కపెట్టి కొట్టింది. పలకలు ఎగిరాయి. తడికల మీద చేపలు ఎగిరాయి. నా చేతిలో కెమెరా ఎగిరింది. ఆ కుదుపుని అలాగే ఉంచేశాను. వీడియోలో అంతకన్నా మంచి షాట్ లేదు.

ఆశ్వయుజం, శుద్ధ పంచమి

గట్టు మీద ఎక్కడ చూసినా మా పాటే అంటున్నారు. పెళ్ళి ఊరేగింపుల్లో, బడి వార్షికోత్సవాల్లో, పోలీసుల పెరేడు అయ్యాక కూడా కొడుతున్నారట. మమ్మల్ని ‘నీళ్ళోళ్ళు’ అని పిలిచే జనం మా తాత వాకిలి గురించి పాడుతున్నారు. నూకరత్నం నమ్మలేక నవ్వుతూ ఉంటుంది. చిన్నప్పుడు గట్టు మీది బడిలో ఏ మాట మాట్లాడినా దాని యాసని వెక్కిరించేవారు. ఇప్పుడు ‘వింటన్నారా’ అనే మాటని వాళ్ళే దాని యాసలో సాధన చేస్తున్నారు.

దానికన్నా పెద్ద పేరు ఎస్తేరత్తకి వచ్చింది. ఆ దెబ్బని ‘ఎస్తేరు దెబ్బ’ అంటున్నారు. రోజూ పడవల్లో జనం వచ్చి ఎండు మంచె మీద ఆవిడ పక్కన నిలబడి కొట్టి, వీడియో తీసుకుని పోతున్నారు. మొన్న ఒక టీచరమ్మ తన క్లాసు మొత్తాన్ని తీసుకొచ్చింది. ఎస్తేరత్త ఇప్పుడు తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని చేపలు తిరగేస్తోంది. ఆవిడ భర్త జకరయ్య మావకి మోకాళ్ళ నొప్పులు. నీడలో కూర్చుని వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, “ఆవిడేనండి, వీడియోలో ఆవిడే,” అని ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు, ఎదురుగా ఆవిడ కొడుతుండగానే.

ఆశ్వయుజ పౌర్ణమి

ఈ పొద్దున నీళ్ళ పడవ దగ్గర జరిగింది రాయాలి.

వరసలో ఓ వందమంది ఉంటాం. చప్పుడు లేదు. మాటలు కూడా లేవు, అందరి చెవుల్లోనూ పూసలే. ఈ కొత్త చెవిపూసలు వచ్చాక పాటలు బయటికి మోగడం లేదు. పక్కవాళ్ళు ఏ పాట వింటుంటే మన పూస కూడా అదే పాటలో, అదే చోట వచ్చి కలుస్తుంది. దాన్నే జత అంటారు. ఒకరి నుంచి ఒకరికి పాకి, ఒక్కోసారి ఊరంతా ఒకే జతలో ఉంటుంది.

నా పూసలు ఇంట్లో మర్చిపోయాను. అందుకే నాకు ఏమీ వినపడలేదు. ఉన్నట్టుండి, ఎవరూ ఎవరినీ చూడకుండానే, వందమందీ ఒక్కసారి కాలెత్తి కొట్టారు.

బిందెలు గంతేశాయి. మంచె కిందికి వెళ్ళి, పైకి వచ్చి, మళ్ళీ కొంచెం కిందికి వెళ్ళింది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. దూరంగా సంత మంచె మీద నుంచి, బడి మంచె మీద నుంచి, సరిగ్గా అదే క్షణంలో కొట్టిన దెబ్బ నీళ్ళ మీదుగా వచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే వంటింట్లో గోడకీ నేల పలకలకీ మధ్య సందు కనపడింది. నిన్న వేలు పట్టేది కాదు. ఇవాళ పట్టింది.

ఆశ్వయుజం, బహుళ షష్ఠి

సుభానీ గారు వచ్చారు. మంచెల బాగోగులు చూసే ఇంజనీరు ఆయన. కాకినాడ మనిషి, గట్టు మీది సర్కారు వేసిన ఉద్యోగి. అందుకే మావాళ్ళు ఆయన్ని ఎంతలో ఉంచాలో అంతలో ఉంచుతారు. నూకరత్నం, గంగులు మా ఇంట్లోనే ఉన్నారు. రెండో పాట గురించి మాట్లాడుకుంటున్నాం.

“మీ పాట నాకూ ఇష్టమేనమ్మా,” అన్నారాయన టీ గ్లాసు పట్టుకుని. “మా అమ్మాయి అన్నం తినేటప్పుడు కూడా అదే. కానీ మంచెకీ స్తంభానికీ మధ్య ఉండే కీళ్ళు వదులవుతున్నాయి. ఎండు మంచెకైతే రెండు కీళ్ళు పగిలాయి.”

“కాలితో తంతే ఇనుం పగులుద్దేంటండీ?” అంది నూకరత్నం.

“ఒకరు కొడితే ఏమీ కాదు. వందమంది తలో సమయంలో కొట్టినా ఏమీ కాదు. ఉయ్యాల ఊపడం తెలుసు కదా. బలం అక్కర్లేదు, అదను చూసి తోస్తే చాలు, చిన్నపిల్ల కూడా పెద్దవాణ్ణి ఆకాశానికి పంపుతుంది. ఈ మంచెలకి ఒక ఊపు ఉంది. మీ పాటలో దెబ్బ పడే అదను ఆ ఊపుతో కలిసింది.”

గంగులు తల దించుకున్నాడు. ఆ తాళం వేగం ఎక్కడి నుంచి తీశాడో నాకు తెలుసు. పొద్దున్నే మంచె అంచున కూర్చుని, అలకి అది ఊగే ఊపుని లెక్కపెట్టి తీశాడు. ఊరి గుండె చప్పుడు అనేవాడు.

“అయితే ఏం చేయమంటారు?” అంది నూకరత్నం.

“ఊరి సభలో చెబుతున్నాను, పాట ఆపించమని.”

ఆయన వెళ్ళాక నూకరత్నం గ్లాసుని నేలకేసి కొట్టినంత పనిచేసింది. “గట్టు మీద ఆడితే సంబరం, మనం ఆడితే ప్రమాదమా అక్కా? ఇన్నాళ్ళకి మన పాట ఒకటి బయటికెళ్ళింది. దాన్ని ఆపడానికి గట్టు నుంచి మనిషొచ్చాడు. నాకేం కొత్తగా లేదు.”

ఆశ్వయుజం, బహుళ ద్వాదశి

సభ పాటని నిషేధించింది. మంచెల మీద ‘తలుపు కొట్టు’ మోగకూడదట.

మోగేది ఎక్కడ? పూసలో ఏముందో ఎవరు చూస్తారు? నిషేధం చదివిన సాయంత్రమే, ఇంతకుముందు ఆ పాట జోలికి పోని ముసలాళ్ళు కూడా జతలో చేరారు. గట్టోళ్ళ మాట విని సభ మన పాటని చంపుతోందని అందరి బాధ. మంచెల మీద మనుషులు మామూలుగా నడుస్తూ, కూరగాయలు ఏరుతూ, మాటల మధ్యలో మొహం మారకుండా మడమ దించుతున్నారు. ఊరంతా ఒకేసారి. శబ్దం లేని ఊళ్ళో ఆ ఒక్క దెబ్బ.

నాకు భయంగా ఉంది. నేను తీసిన వీడియోని ఆపి ఆపి చూశాను. ఆ కుదుపులో ఎస్తేరత్త వెనక స్తంభం కనపడుతుంది. స్తంభం ఒక వైపుకి, మంచె ఇంకో వైపుకి కదలడం ఇప్పుడు చూశాను.

కార్తీకం, శుద్ధ తదియ

నూకరత్నాన్ని సుభానీ గారి దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఆయన వాదించలేదు. చిన్న తెప్ప విప్పి, మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని సంత మంచె కిందికి పోనిచ్చారు.

కింద చల్లగా, ఆకుపచ్చగా ఉంది. స్తంభాలకి గుల్లలు పట్టి ఉన్నాయి. మీద జనం అడుగులు వానలా వినపడుతున్నాయి, ఒకదానికొకటి సంబంధం లేకుండా. సుభానీ గారు తెప్పని స్తంభానికి ఆనించి, పైన కీలు చూపించారు. “చెయ్యి పెట్టమ్మా.”

నూకరత్నం లేచి నిలబడి అరచెయ్యి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పైన అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం.

దెబ్బ పడింది. కీలు మూలిగింది. తుప్పు పెచ్చులు నూకరత్నం జుట్టులో, భుజాల మీద రాలాయి. అది చెయ్యి వెనక్కి లాక్కుని, కాలిన చేతిని చూసుకున్నట్టు చూసుకుంది.

ఇంటికొచ్చి, తల దులుపుకుని, స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాక అంది: “పాట ఆపను. దెబ్బ ఆపుతాను.”

కార్తీకం, శుద్ధ దశమి

పౌర్ణమి సాయంత్రం సంత మంచె మీద పాటకచేరీ. నిషేధం ఎత్తేయమని సుభానీ గారే సభని ఒప్పించారు. నూకరత్నం నోటితోనే జనానికి చెప్పాలి, ఇంకెవరు చెప్పినా వినరు అన్నారు.

ఉపాయం గంగులుది. కచేరీలో అందరి పూసలూ వేదికతో జత అవుతాయి. తాళం వాడి చేతిలో ఉంటుంది. పాటని నాలుగు లెక్కలో మొదలుపెట్టి, దెబ్బ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం వైపు వాళ్ళకి అయిదు, దక్షిణం వైపు వాళ్ళకి ఏడు, మిగతావాళ్ళకి మూడు వినిపిస్తాడు. “మా నాన్న పెళ్ళిళ్ళలో ఇలాగే ఆడించేవోడు దయక్కా. ఒకళ్ళ కాలు ఒకళ్ళతో కలవదు. జనం పడీ పడీ నవ్వేవోరు.” ఆడినట్టూ ఉంటుంది, మంచెకి దెబ్బా తగలదు. వాడు చాలా రోజుల తర్వాత కాస్త తేలికపడినట్టున్నాడు.

ఎస్తేరత్తకి చెప్పడానికి ముగ్గురమూ వెళ్ళాం. వేదిక మీద ఆవిడ కూడా ఉండాలని పిలుపు. ఆవిడ చేపలకి ఉప్పు పడుతూ అంతా విన్నది.

“అయితే దెబ్బ లేదన్నమాట.”

“ఉంటాది అత్తా, కానీ కలిసి ఉండదు,” అన్నాడు గంగులు.

“కలవకపోతే అది దెబ్బేంట్రా? కాలు జారినట్టు ఉంటాది.” ఉప్పు చేతులు దులుపుకుంది. “నూకాలూ, నువ్వు సిన్నదానివి. నీకు ఇంకో పాటొత్తాది, ఇంకోటొత్తాది. నేను నలభై ఏళ్ళు గట్టు మీద బస్సెక్కితే నా పక్క సీటు కాళీయేనే. చేపల కంపని. ఇప్పుడు ఆళ్ళే వచ్చి నా బుజం మీద చెయ్యేత్తన్నారు. ఆళ్ళకి నేను గావాలా? నా కాలు గావాలి. అది తీసేత్తే నేనెవర్ని?”

నూకరత్నం ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. “అత్తా, నేను స్తంభం మీద చెయ్యి పెట్టి సూసేను. ఎండు మంచె అన్నిటికన్నా అన్నాయంగా ఉందంట. ఇక్కడ మాత్రం వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

“ఈ మంచె మా నాన్న కట్టేడు,” అంది ఎస్తేరత్త. “నాకు తెలవదా?” మళ్ళీ ఉప్పు చేతిలోకి తీసుకుంది.

తిరిగి వస్తుంటే జకరయ్య మావ వంతెన దాకా కుంటుకుంటూ వచ్చి, “నేను సెప్తాన్లెండి, మనసు కష్టపెట్టుకుంది గానీ ఇంటాది,” అన్నాడు.

కార్తీక పౌర్ణమి మర్నాడు

నిన్నటిది వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

పొద్దుండగానే సంత మంచె నిండిపోయింది. గట్టు నుంచి పడవలు వస్తూనే ఉన్నాయి. నేను వేదిక పక్కన నిచ్చెన మీద కెమెరాతో ఉన్నాను. నూకరత్నం వచ్చి, ముందు పాడలేదు. తను స్తంభం మీద చెయ్యి పెట్టిన సంగతి చెప్పింది. కీలు మూలగడం చెప్పింది. “మన తాతల తలుపు కొడదామని మన తలుపులు ఇరగ్గొట్టుకుంటన్నాం,” అంది. జనం గొణిగారు. ఎవరో ఈల వేశారు. తర్వాత గంగులు మొదలుపెట్టాడు.

వాడి ఉపాయం పనిచేసింది. ‘మేమండీ’ దాకా అందరూ ఒక్కటే. ఆ తర్వాత వేలమంది కాళ్ళు వేల దారుల్లో పడ్డాయి. ఒకళ్ళ మీద ఒకళ్ళు తూలి నవ్వారు. రెండోసారి ఇంకా నవ్వారు. మంచె మెత్తగా వణికి ఊరుకుంది. మంచె అంచు పక్కన తెప్పలో సుభానీ గారు స్తంభానికి చెవి ఆనించి, చెయ్యి పైకెత్తి ఊపడం చూశాను. బాగుంది అని.

ఎస్తేరత్త రాలేదు. ఎండు మంచె వేదిక దగ్గర్నుంచి కనపడుతుంది. మధ్యలో బడి మంచె, ఆ తర్వాత పొడుగాటి వంతెన. ఆవిడ కోసం వచ్చిన గట్టు జనం, దెబ్బ లేని కచేరీ అక్కర్లేదనుకున్న మా కుర్రాళ్ళు అక్కడ చేరారు. రెండువందల మంది ఉంటారేమో. మా జతకి అందనంత దూరంలో, వాళ్ళు వాళ్ళ జతలో అసలు పాట పెట్టుకున్నారు.

నేను కెమెరాని అటు తిప్పాను. గుంపు మధ్యలో గులాబీరంగు చీరలో ఆవిడ కనపడింది. అందరూ కాలెత్తారు. దించారు. మంచె వంగి లేచింది. మళ్ళీ ఎత్తారు. చప్పుడు మా దాకా రావడానికి కాస్త ఆలస్యమవుతోంది. మూడోసారి చప్పుడుతో పాటు ఇంకో శబ్దం వచ్చింది, ఎండుకొమ్మ విరిచినట్టు. ఎండు మంచె ఒక మూల కిందికి దిగి, అలాగే ఆగింది.

నేను అరిచాను. సుభానీ గారు తెప్ప మీంచి పైకెక్కి పరిగెత్తుకొచ్చి తుపాను హెచ్చరిక లైను తెరిచారు. అది తెరిస్తే ఊళ్ళో ప్రతి పూసలోనూ పాటలన్నీ ఆగిపోతాయి, ఆ ఒక్క గొంతే వినపడుతుంది. ఆయన మైకు నూకరత్నం చేతిలో పెట్టారు. “వంతెన ఒక్కటే దారి. అదీ సగం ఊడింది. ఒకే అడుగుతో నడిచినా, పరిగెత్తినా పోతుంది. విడివిడిగా రావాలి. నువ్వు మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా. నీ గొంతు వింటారు.”

అప్పటికే అక్కడ జనం వంతెన వైపు తోసుకుంటున్నారు. భయంలో వాళ్ళ కాళ్ళు వాటంతట అవే ఆ పాట లెక్కలో పడుతున్నాయి. రెండు నెలలుగా ఒంట్లో ఇంకిన లెక్క అది. వంతెన ఊగడం మొదలైంది.

“ఆగండి,” అంది నూకరత్నం. దాని గొంతులో తాళం లేదు. చిన్నప్పటి నుంచీ అది మామూలు మాటని కూడా ఏదో ఒక లయలో కూర్చి మాట్లాడుతుంది. ఇప్పుడు లేదు. “అందరూ ఎక్కడున్నోళ్ళు అక్కడే కూచోండి. పచ్చ చొక్కా అన్నా, నిన్నే. నువ్వు లే. నడు. వంతెన మీద గబగబా వద్దు. ఇప్పుడు ఆగు. నీ చెప్పు తెగింది, ఇప్పేసి రా. ఎనక ఎర్ర చీరమ్మా, నువ్వు లెగు. ఆయన్ని సూడకు, సముద్రాన్ని సూడు. పాపని సంకనేసుకో. సత్తిబాబూ, నీకేం తొందర్రా, కూచో, నీ పేరు నేను పిలుత్తాను.”

నేను కెమెరాలోంచి దూరంగా ఉన్నది దగ్గరగా చూస్తూ, ఎవరు ఎక్కడున్నారో దానికి చెబుతున్నాను. ఇద్దరి అడుగులు కలుస్తుంటే అది ఒకళ్ళని ఆపుతోంది, ఏదో ఒక ప్రశ్న వేస్తోంది, వాళ్ళు తడబడుతున్నారు. ఆ తడబాటే వంతెనని నిలిపింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బడి మంచె మీదికి వచ్చి పడుతున్నారు. జకరయ్య మావ మధ్యలో వచ్చాడు. ఆయన కుంటినడక ఎవరితోనూ కలవదు. ఇవతలికి వచ్చి వెనక్కి తిరిగి అక్కడే నిలబడిపోయాడు.

అవతల వంతెన మొదట్లో, వంతెనని పట్టి ఉంచే తాడు కట్టిన రాట ఊగిపోతోంది. ఎస్తేరత్త ఆ తాడుని నడుం చుట్టూ తిప్పుకుని, వెనక్కి వాలి బిగించి పట్టుకుంది. ఒక చేత్తో ఒక్కొక్కళ్ళనీ వంతెన మీదికి పంపుతోంది. ఆవిడతో పాటు ఇంకో నలుగురు పట్టుకున్నారు. వాళ్ళూ వచ్చేశారు.

“అత్తా,” అంది నూకరత్నం. “ఇంక నువ్వే. వచ్చెయ్.”

ఆవిడ తాడు విప్పుకుంది. చీర సర్దుకుంది. వంతెన మీద అడుగు పెట్టింది, ఇంకో అడుగు వేసింది. ఎండు మంచె పక్కకి ఒరిగింది. నెమ్మదిగానే ఒరిగింది. వంతెనని కూడా తీసుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

నూకరత్నం మైకులో పిలుస్తూనే ఉంది. “అత్తా, వచ్చెయ్. అత్తా, వచ్చెయ్.” ఊరందరి చెవుల్లో. సుభానీ గారు మైకు తీసుకునేదాకా.

కార్తీకం, బహుళ సప్తమి

ఎస్తేరత్త దొరకలేదు. మా కుర్రాళ్ళు నాలుగు రోజులు మునిగి వెతికారు. కింద పాత వీధులు, గోడలు, మంచె పలకలు. ఆవిడ లేదు.

మంచెలపేట మొత్తం ఖాళీ చేయించారు. కీళ్ళన్నీ మార్చేదాకా గట్టు మీద శిబిరంలో ఉండాలి. ఎన్నాళ్ళో సుభానీ గారికీ తెలియదు. రేకుల షెడ్లు, ఇసక. నేల కదలకపోవడం వల్ల నాకు తల తిరుగుతోంది.

మాలో కొందరు నూకరత్నాన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు. కొందరు దాని చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. రెండూ దానికి ఒకటిగానే ఉన్నట్టుంది. పాట ఇంకా పైకి వెళ్ళింది. ఎవడో మంచె కూలడాన్ని దూరం నుంచి తీసి, సరిగ్గా ‘కొట్టు’ అన్న చోటికి అతికించి వదిలాడు. అది లక్షల మంది చూశారు. నా కెమెరాలో ఉన్నది ఇమ్మని పాటని బయటికి వదిలిన గట్టు మీది కంపెనీవాళ్ళు రోజూ అడుగుతున్నారు. నేనింకా చూడలేదు దాన్ని. ఎవరికీ ఇవ్వను.

గంగులు డప్పుని గుడ్డలో చుట్టి కట్టేశాడు.

మార్గశిరం, శుద్ధ నవమి

ఇవాళ ఎస్తేరత్త జ్ఞాపకార్థ కూడిక. శిబిరంలో చోటు చాలక సముద్రం ఒడ్డున పట్టాలు పరిచారు. పాస్టరు గారు వాక్యం చదివారు. రెండు కీర్తనలు పాడాం. ఆ రోజు వంతెన దాటినవాళ్ళు చాలామంది వచ్చారు. పచ్చ చొక్కా ఆయన కుటుంబంతో వచ్చాడు. ఆయన పేరు శేషగిరి అని ఇవాళ తెలిసింది.

అంతా అయిపోతుండగా జకరయ్య మావ లేచాడు. గెడ్డం మాసిపోయి ఉంది. జనంలో నూకరత్నాన్ని వెతుక్కున్నాడు.

“నూకాలమ్మా. ఆవిడకి ఇష్టమైన పాట పాడవా?”

నూకరత్నం కూర్చున్న చోటే బిగుసుకుపోయింది. “ఏ పాట మావా?” అంది. తెలిసే అడిగింది.

“ఇంకే పాట?”

“నావల్ల కాదు మావా. ఆ పాటే కదా…”

“ఆ పాటే,” అన్నాడాయన. “నలభై ఏళ్ళు కాపరం సేసేను. ఆవిడ అంత సంతోసంగా ఉండటం ఆ రెండు నెల్లే సూసేను. పొద్దున్నే లేచి అద్దం సూసుకునేది. ఆ పాట తీసేత్తే నాకేం మిగుల్తాదమ్మా, ఆ మునగటం ఒక్కటేగా? పాడమ్మా.”

నూకరత్నం గంగులు వైపు చూసింది. వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. అది కూర్చునే, కళ్ళు మూసుకుని, తాళం లేకుండా మొదలుపెట్టింది. నీ కింద నీళ్ళు. నీళ్ళ కింద వీధి. నేను చాలాసార్లు విన్న మాటలే. కానీ రాసినప్పుడు ఆ వీధిలో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

“ఒకటి, వింటన్నారా?”

ఎవరో వెక్కారు.

“రెండు, ఉన్నారా?”

అంతమంది ఉన్నాం కదా, ఒక్క కాలు కూడా కదలలేదు. ఇసకలో చేతులు పెట్టుకుని కూర్చున్నాం.

“మూడు, మేమండీ.”

నూకరత్నం ఆ తర్వాతి మాట అనలేకపోయింది. ఆ మాట ఉండాల్సిన చోట అలల చప్పుడు వచ్చి వెళ్ళింది.

జకరయ్య మావ పట్టా దిగి, తడి ఇసక మీదికి కుంటుకుంటూ నడిచాడు. అల వచ్చి ఆయన పాదాలు తడిపి పోయింది. పంచె కాస్త పైకి పట్టుకుని, నొప్పిగా ఉన్న కాలు ఎత్తి, మడమతో ఒక్క దెబ్బ కొట్టాడు. చిన్న చప్పుడే అయింది.

తర్వాత తల పక్కకి వంచి, విన్నాడు.